‘డ్రింక్’ అనే ఇంగ్లీషు మాట: అర్థం, వాడుక

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

సభకు నమస్కారం. ఉపాధ్యాయ మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న బీఎడ్ విద్యార్థులకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు నమస్కారం. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతాను. ఆ మాట ‘డ్రింక్’. రెండో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన మాటే కదా, డ్రింక్ అంటే తాగడం అని చెప్పేస్తాం కదా, ఇంకా చెప్పడానికి ఏముంటుందని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా ఆ సంగతే. డ్రింక్ అంటే తాగడం అని చెప్పి మనం పక్క మాటకు వెళ్లిపోతున్నాం. పిల్లవాడికి అర్థం తెలుస్తోంది. ఆ మాట ఏ మాటల పక్కన కూర్చుంటుందో, ఏ మాటల పక్కన కూర్చోదో మాత్రం తెలియడం లేదు. పరీక్షలో గానీ, ఇంటర్వ్యూలో గానీ, కొత్తవాళ్లతో సంభాషణలో గానీ తప్పు జరిగేది అక్కడే.

పైగా మన పిల్లల పరిస్థితి వేరు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చదివే పిల్లవాడికి ఇంట్లోనూ వీధిలోనూ తెలుగే, దానికి తోడు బడిలో ఇంగ్లీషు. ఇక్కడ, గజపతి జిల్లాలో, గంజాంలో, రాయగడలో మన పిల్లవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా, ఆ పైన ఇంగ్లీషు. తాగడమనే పనిని ఈ మూడు భాషలూ ఒకేలా చూడవు. మనం టీ తాగుతాం. పక్కింటి ఒడియా వాళ్లింటికి వెళితే ‘చా ఖాఇబే?’ అని ఆప్యాయంగా అడుగుతారు. ఖాఇబా అంటే తినడం అని మీకు నేను చెప్పనక్కరలేదు. నీళ్లయితే ‘పాణి పిఇబా’, టీ అయితే పిఇబా అనీ ఖాఇబా అనీ రెండు విధాలా అంటారు. ఆ ఇంట్లో ఆడుకుని పెరిగిన పిల్లవాడు ఇంగ్లీషులో ‘ఈట్ టీ’ అని రాస్తే, అది బుద్ధి తక్కువై రాసినది కాదు. అతని చెవిలో పడిన భాష అలా చెప్పింది.

దగ్గు మందు సీసా సంగతి చూడండి. మన తల్లి మందును సీసా మూతలో గీత వరకు పోసి, పిల్లవాడి గడ్డం పట్టుకుని ‘తాగు నాన్నా’ అంటుంది. గోడకు అవతల ఒడియా తల్లి అదే మూత పట్టుకుని ‘ఖాఇ దే’ అంటుంది. ఇంగ్లీషు తల్లి అయితే ‘టేక్ యువర్ మెడిసిన్’ అంటుంది. పిల్లవాడి గొంతులో దిగినది ఒకటే. మనం తాగించాం, వాళ్లు తినిపించారు, ఇంగ్లీషువాళ్లు పుచ్చుకోమన్నారు. అందులోనూ మనం సిరప్పయితే తాగుతాం, మాత్రయితే వేసుకుంటాం లేదా మింగుతాం. ఇంగ్లీషులో సిరప్పయినా మాత్రయినా ‘టేక్’ ఒక్కటే సరిపోతుంది. అందుచేత ‘డ్రింక్ ద టాబ్లెట్’ అనే వాక్యం పిల్లల రాతల్లో కనబడినప్పుడు కొట్టివేసి ఊరుకోకండి. మందు పక్కన ఇంగ్లీషువాళ్లు ఏ క్రియను పెడతారో చెప్పండి.

ఇప్పుడు పొగ దగ్గరికి వద్దాం. మనం బీడీ తాగుతాం, సిగరెట్టు తాగుతాం. చుట్టనైతే తాగుతామనీ అంటాం, కాలుస్తామనీ అంటాం. సంస్కృతమూ అంతే, ధూమపానమనే అంది; బోర్డుల మీద ఒడియాలో రాసేదీ ధూమపానమే. కనుక ‘మై గ్రాండ్‌ఫాదర్ డ్రింక్స్ బీడీ’ అని రాసిన పిల్లవాడికి వెనక తెలుగు ఉంది, ఒడియా ఉంది, సంస్కృతం ఉంది. మూడూ కలిసి అతణ్ని అటు తోశాయి. ఇంగ్లీషు మాత్రం పొగకు ‘స్మోక్’ అని వేరే క్రియ పెట్టుకుంది. ఎప్పటి నుంచి? ఇది ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవలసిన సంగతి. సుమారు 400 ఏళ్ల కిందట, పొగాకు ఇంగ్లండుకు కొత్తగా చేరిన కాలంలో, ఇంగ్లీషువాళ్లు కూడా ‘డ్రింక్ టొబాకో’ అనే అన్నారు. అప్పటి రాతల్లో ఆ వాడుక బాగా కనిపిస్తుంది. తరవాత స్మోక్ నిలబడింది, డ్రింక్ తప్పుకుంది. అందువల్ల పిల్లవాడితో ‘పొగను ఎవరైనా తాగుతారా?’ అని అనకండి. ఎందుకు తాగరు? మనం తాగుతున్నాం, వాళ్లూ ఒకప్పుడు తాగారు. ‘ఈనాటి ఇంగ్లీషు అలా అనదు’ అని చెప్పండి. ఆ మాటలో నిజం ఉంది, పిల్లవాడికి మర్యాదా ఉంది.

ఇక తిండికీ తాగుడుకీ మధ్య గీత ఎక్కడ ఉంది? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం సేపు ఇక్కడ ఆగుతాను. చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఉంది. మనం దాన్ని తాగుతాం. కొండల మీద దాన్నే మండియా పేజ్ అంటారు, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్లి, ఎండలో పని మధ్యలో ఆ బుర్రను ఎత్తి తాగుతారు. గంజి తాగుతాం. ఒడియా ఇళ్లలో నీళ్లలో నానిన అన్నం, పఖాళ, తింటారు, దాని మీద తేరిన నీటిని, తోరాణిని, తాగుతారు. మనం చద్దన్నం తింటాం, తరవాణి తాగుతాం. తోరాణి, తరవాణి, ఈ రెండు పేర్లూ ఎంత దగ్గరగా వినిపిస్తున్నాయో చూశారా? మనకు గీత ఆ పదార్థంలోనే ఉంది. పలచగా ఉండి జారితే తాగుతాం, నమలవలసి వస్తే తింటాం. అంబలిని చెంచాతో పుచ్చుకున్నా అంబలి తాగామనే అంటాం.

ఇంగ్లీషులో గీత పదార్థంలో కంటే ఎక్కువగా పాత్రలో ఉంది. గిన్నెలో సూప్ పెట్టుకుని చెంచాతో పుచ్చుకుంటే వాళ్లు ‘ఈట్ సూప్’ అంటారు. అదే సూప్‌ను కప్పులో పోసుకుని అంచును పెదవికి ఆనిస్తే ‘డ్రింక్’ అంటారు. జావలాంటి పారిడ్జ్‌ను చెంచాతో తింటారు కనుక అది ఎంత పలచగా ఉన్నా ఈట్ పక్కనే కూర్చుంటుంది. కాబట్టి పిల్లవాడు ‘ఐ డ్రింక్ సూప్ విత్ ఎ స్పూన్’ అని రాసినప్పుడు, కళ్లముందు ఒక చెంచా, ఒక కప్పు పెట్టి చూపించండి. పెదవికి ఏది ఆనుతోంది? కప్పు అంచు ఆనితే డ్రింక్, చెంచా ఆనితే ఈట్. మందుకు ఈ లెక్క పనికిరాదు, దానికి టేక్ ఉందని ఇందాక అనుకున్నాం. భోజనం వరకు ఇది దాదాపుగా తప్పదు.

కొద్దికొద్దిగా తాగితే సిప్, గుక్కల మీద గుక్కలు గటగటా దించితే గల్ప్, పిల్లి పాలను నాలుకతో గతికితే లాప్. వీటి మీద నేను సమయం తీసుకోను, నిఘంటువులో దొరుకుతాయి.

నిఘంటువులో తేలికగా దొరకనిది ఇంకొకటి ఉంది. దాని పక్కన ఏ మాటా లేకపోతే డ్రింక్ ఏమవుతుంది? నీళ్లు అనకుండా, పాలు అనకుండా, ఉత్త ‘హి డ్రింక్స్’ అంటే ఏమిటి? మద్యమే. మన తెలుగులోనూ అంతే కదా! ‘వాడు తాగుతాడు’ అంటే ఏం తాగుతాడని ఎవరూ అడగరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి తాగుడు మానిపించాలన్నప్పుడు, ఆ తాగుడు దేన్ని గురించో రాష్ట్రమంతటా అందరికీ తెలుసు. తాగుడు, తాగుబోతు అని మనం నామం చేసిన చోటల్లా అది మద్యమే. నీటికి చేయవలసి వస్తే పక్కన నీరు పెట్టి తాగునీరు అంటాం.

ఇలా ఎందుకు జరుగుతుంది? క్రియకు కర్మను వదిలేసినప్పుడు, ఆ సమాజం దేన్ని ముందుగా తలుచుకుంటుందో అదే ఆ ఖాళీలోకి వచ్చి నిలుస్తుంది. ‘తిన్నావా?’ అని అడిగితే భోజనం చేశావా అని అర్థం. జామకాయ తిన్నవాడు ఔననడు. ‘మా అబ్బాయి చదువుతున్నాడు’ అంటే బడిలోనో కళాశాలలోనో ఉన్నాడని అర్థం. ఆ క్షణంలో వాడు బంతాట ఆడుతూ ఉండవచ్చు. ఇంగ్లీషులో ఈట్ కూడా ఇలాగే భోజనం మీద నిలుస్తుంది. డ్రింక్ మద్యం మీద నిలుస్తుంది. ఈ ఒక్క చోట తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకే దారిన నడిచాయి, కనుక పిల్లలకు చెప్పడం తేలిక.

తేలికే గానీ, ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఇంటర్వ్యూకు వెళ్లిన మన అమ్మాయికి ఎవరో టీ ఇవ్వబోతారు. ఆమె మర్యాదగా ‘సారీ, ఐ డోంట్ డ్రింక్’ అంటుంది. విన్నవారికి అది మద్యం గురించి చెప్పినట్టు వినిపిస్తుంది. ‘ఐ డోంట్ డ్రింక్ టీ’ అనాలి; ఆ చివరి మాట మింగేయకూడదు. అలాగే ‘లెట్ అస్ మీట్ ఫర్ డ్రింక్స్’ అని ఎవరైనా పిలిస్తే అది కూల్‌డ్రింక్ తాగడానికి పిలుపు కాదు. మన కూల్‌డ్రింక్‌ను ఇంగ్లీషువాళ్లు మామూలుగా సాఫ్ట్ డ్రింక్ అంటారు, మద్యం కలవనిది అని చెప్పడానికి. మన ఇళ్లలో ‘పిల్లలకు డ్రింకు పొయ్యండి’ అంటే రంగు సోడా అని అందరికీ తెలుసు, ఆ వాడుకలో దోషం లేదు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం మాట మారాలి. అమ్మా, పిల్లలతో ఉన్న తల్లులు ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోండి, ఇంట్లో మీరు చెబితేనే వాళ్లకు నిలుస్తుంది.

ఇప్పుడు రూపాలు. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. సింగ్, శాంగ్, సంగ్ లాగా, బిగిన్, బిగాన్, బిగన్ లాగా లోపలి అచ్చు మారుతుంది. ‘ఐ హావ్ డ్రాంక్’ అని రాయడం తప్పు, ‘ఐ హావ్ డ్రంక్’ అనాలి. పిల్లలు అక్కడ డ్రంక్ రాయడానికి వెనకాడతారు, ఎందుకంటే డ్రంక్ అంటే మత్తులో ఉన్నవాడని వాళ్లకు తెలుసు. వాయిస్ మార్చమన్నప్పుడు ‘ద మిల్క్ వాజ్ డ్రంక్’ అని రాయాలంటే చెయ్యి ఆగిపోతుంది. ఆ సందేహం న్యాయమైనదే. ‘ద మిల్క్ వాజ్ డ్రంక్’ అంటే పాలు తాగబడ్డాయి. ‘ద మ్యాన్ వాజ్ డ్రంక్’ అంటే మనిషి మత్తులో ఉన్నాడు. రూపం ఒకటే, ఒకచోట క్రియ, ఒకచోట విశేషణం. కర్త ఏమిటో చూస్తే తేలిపోతుంది.

ఆ విశేషణంలో మళ్లీ ఇంకో నియమం ఉంది. వాక్యం చివర డ్రంక్ వస్తుంది, నామం ముందు సాధారణంగా డ్రంకెన్ వస్తుంది. ‘హి ఈజ్ డ్రంక్’ అంటారు, ‘ఎ డ్రంకెన్ మ్యాన్’ అంటారు. మోటారు వాహనాల చట్టం, 1988, దాని 185వ సెక్షన్ తీసి చూడండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాలు ఉండి బండి నడిపితే నేరమని చెప్పే సెక్షన్ అది. దాని శీర్షికలో ఉన్నది ‘డ్రంకెన్ పర్సన్’ అనే. మరి మన పత్రికల్లో, పోలీసుల మాటల్లో, రోడ్డు పక్క బోర్డుల మీద ఏముంది? ‘డ్రంక్ అండ్ డ్రైవ్’. మూడో రూపాన్ని తెచ్చి మొదటి రూపం పక్కన పెట్టారు. తెలుగు పత్రికలో ‘డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు’ అని రాస్తే నేను అభ్యంతరం చెప్పను, అది ఇప్పుడు తెలుగు మాటే అయిపోయింది. కానీ మన పిల్లవాడు ఇంగ్లీషు వ్యాసంలో ‘డోంట్ డ్రంక్ అండ్ డ్రైవ్’ అని రాస్తే మాత్రం దిద్దవలసిందే. ‘డోంట్ డ్రింక్ అండ్ డ్రైవ్’ అన్నదే సరైన వాక్యం.

మరి డ్రింకింగ్ వాటర్? స్టేషన్‌లో కొళాయి మీద రాసి ఉంటుంది, పిల్లలు రోజూ చూస్తారు. నీరు తాగదు కదా, నీటిని మనం తాగుతాం కదా, అయితే డ్రింకింగ్ వాటర్ ఎలా అయింది? తెలివైన పిల్లవాడు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాడు, అడిగితే సంతోషించండి. అక్కడ డ్రింకింగ్ అన్నది నామం: తాగడానికి ఉద్దేశించిన నీరు. రీడింగ్ రూమ్ అంటే చదువుకోవడానికి ఉద్దేశించిన గది. ‘ఎ డ్రింకింగ్ మ్యాన్’ అంటే మాత్రం తాగే మనిషి. మన తాగునీరు, ఒడియా పానీయ జళ రెండూ మొదటి రకమే.

పానీయం అన్న మాట నోట వచ్చింది కనుక ఈ మాటల పుట్టుక గురించి కొంచెం చెబుతాను. సంస్కృతంలో పిబతి, హిందీలో పీనా, మరాఠీలో పిణే, ఒడియాలో పిఇబా, లాటిన్‌లో బిబెరె, రష్యన్‌లో పిత్య్, ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఇంగ్లీషు కూడా ఆ పెద్ద కుటుంబంలోదే. అయినా తాగడానికి ఆ మూలాన్ని వదిలేసి డ్రింక్ పెట్టుకుంది. జర్మన్‌లో ట్రింకెన్, డచ్‌లో డ్రింకెన్, స్వీడిష్‌లో డ్రికా. ఈ ఒక్క శాఖలోనే ఆ మాట ఉంది, బయట దానికి నిశ్చయమైన చుట్టాలు దొరకలేదు. లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా తరవాత వచ్చి బెవరేజ్ అయింది. అంటే మన ఒడియా పొరుగువారి పిఇబాకు చుట్టం బెవరేజ్; డ్రింక్ కాదు. మన కళాశాలల్లో పెట్టే సింపోజియం కూడా ఆ మూలంలోనిదే, గ్రీకులో దానికి కలిసి తాగడమని అర్థం. తెలుగు సంగతికి వస్తే, తాగు పాత రూపం త్రాగు, త్రావు. తమిళులు, కన్నడిగులు తాగడాన్ని కుడి అంటారు. ఆ ధాతువు మనకు కుడుచు అయి, పసిపిల్ల పాలు కుడవడంలో నిలిచింది.

ఈ చరిత్రలో తరగతి గదికి అన్నిటికంటే పనికొచ్చేది డ్రెంచ్ అనే మాట. వానలో నిలువునా తడిసినవాణ్ని ‘డ్రెంచ్‌డ్’ అంటారని పిల్లలకు నేర్పుతాం. కానీ డ్రెంచ్ మొదటి అర్థం తాగించడం. కూర్చునే సిట్‌కు కూర్చోబెట్టే సెట్, పడుకునే లైకి పడుకోబెట్టే లే, డ్రింక్‌కు డ్రెంచ్. అచ్చు మార్చి చేయించే క్రియను తయారు చేసుకోవడం పాత ఇంగ్లీషు పద్ధతి. మనం తాగుకు తాగించు అంటాం కదా, అదే. పశువైద్యులు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడుతున్నారు. మన పల్లెల్లో ఎద్దుకు మందు పట్టడం మీరు చూసి ఉంటారు. ఒక మనిషి ఎద్దు మూతిని పట్టుకుని కొద్దిగా పైకి ఎత్తుతాడు. ఇంకొకడు ఏటవాలుగా కోసిన వెదురు గొట్టాన్ని దవడ పక్క నుంచి నోట్లోకి దూర్చి, మందును కొంచెం కొంచెంగా వంచి, అది మింగే దాకా ఆగి మళ్లీ వంచుతాడు. తొందరపడి ఒక్కసారి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి పశువుకు ప్రాణం మీదికి వస్తుందని వైద్యులు హెచ్చరిస్తారు. ఆ మొత్తం పనికి ఇంగ్లీషులో పేరు డ్రెంచింగ్. రైతు బిడ్డకు డ్రెంచ్ అనే మాటను వానతో కాకుండా ఈ వెదురు గొట్టంతో మొదలుపెట్టి చెప్పండి. ఆ తరవాత వానలో తడవడం దగ్గరికి వాడే నడిచి వస్తాడు, ఒళ్లంతా నీరు తాగేలా తడవడమే కదా అది!

నేను ఇంతసేపు పట్టుబట్టి చెబుతున్న పద్ధతి ఈ ఊరికి కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరి, కొండ మీద ఉండే సవర గిరిజనుల భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు పుస్తకం లేదు. మాట్లాడేవాణ్ని వినడం ఒక్కటే దారి. అలా విన్నదాని నుంచే ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటమూ ఇదే: జనం ఎలా అంటున్నారో చూడు, అదే భాష. మనం ఇంగ్లీషు చెప్పేటప్పుడు ఆ మాట మరిచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఒక పక్క ఇంగ్లీషు మాట, మధ్యలో గీత, మరో పక్క తెలుగు మాట రాసి బట్టీ పట్టిస్తున్నాం. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవి సమానమని పిల్లవాడు నమ్ముతున్నాడు.

కాబట్టి రేపు తరగతిలో ఒక పని చేయండి. పిల్లల్ని డ్రింక్ అంటే ఏమిటని అడగకండి. నీళ్లు, టీ, అంబలి, సూప్, మందు, బీడీ, ఈ ఆరు మాటలూ బల్ల మీద రాసి, ఇంట్లో వీటితో ఏ క్రియ వాడతారో తెలుగులో అడగండి, పక్కింట్లో ఏమంటారో ఒడియాలో అడగండి. అవి రాశాక ఇంగ్లీషు ఏమంటుందో పక్కన రాయండి. టీ దగ్గర కొంచెం ఆగండి, ఎందుకంటే ఇంటికి వచ్చినవారిని అడిగేటప్పుడు ఇంగ్లీషులో ‘విల్ యూ డ్రింక్ టీ?’ కంటే ‘విల్ యూ హావ్ సమ్ టీ?’ అన్నదే సహజంగా వినిపిస్తుంది. డ్రింక్ అంటే తాగే క్రియ మీద దృష్టి పడుతుంది, హావ్ అంటే ఆతిథ్యం మీద పడుతుంది. పెద్ద తరగతులకైతే డ్రంక్, డ్రంకెన్ తేడా కూడా అదే రోజు చెప్పేయవచ్చు, చిన్నవాళ్లకు వద్దు.

మీ సందేహాలు ఇప్పుడు అడగండి. ముందుగా వెనక వరుసల్లో ఉన్న విద్యార్థులకు అవకాశం ఇద్దాం. ఇందాక సూప్ గురించి చెబుతున్నప్పుడు అక్కడ ఒకరు చెయ్యి ఎత్తారు.